ఆ పిడి ఎవరి చేతికి?

బరువులెత్తే యంత్రాల పిడి గురించి వ్యాసమా, అదీ ఆడవాళ్ళు చదివే పేజీలోనా అని ముక్కున వేలేసుకోకండి. క్రేనులూ, లారీ జాకీలూ, కాలవ తూముల తలుపులూ మగవాళ్ళ వ్యవహారమనే నేనూ ఒప్పుకుంటాను. కానీ వాటిలో చేత్తో నడిచేవాటిని కాస్త పరకాయించి చూడండి. ఒక పక్కన వంకర తిరిగిన ఇనప కడ్డీ, దాని చివర చెయ్యి పట్టుకునే పిడీ ఉంటాయి. ఇంజనీర్లు దాన్ని క్రాంకు అంటారు. లారీ డ్రైవర్లు హ్యాండిల్ అంటారు. దాని పుట్టిల్లు మాత్రం కర్మాగారం కాదు, తిరగలి.

తిరగలి పిడి ఎక్కడుంటుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో గింజలు పోసే కన్నం. పిడి ఆ పక్కన, అంచుకి దగ్గరగా. అదే నడిమధ్యన పెట్టి ఉంటే మణికట్టు మెలిపెట్టి తిప్పాల్సొచ్చేది. నాలుగు చుట్లకే చెయ్యి పడిపోయేది. అంచున పెట్టడంవల్ల చెయ్యంతా కదులుతుంది, భుజమూ నడుమూ సాయం వస్తాయి. ఇరుసుకి ఎడంగా పిడి పెట్టి, చేతి తోపుని చక్రం తిరుగుడుగా మార్చడం: క్రాంకు అంటే ఇంతే. స్పెయిన్ దేశంలో క్రీస్తుకి పూర్వం 5వ శతాబ్దం నాటికే ఇలాంటి తిరగళ్ళున్నాయి. యంత్రాల చరిత్ర రాసినవాళ్ళు క్రాంకుకి పూర్వీకులెవరని వెతుక్కుంటూ పోయి, చివరికి ఈ తిరగలి దగ్గరే ఆగారు.

అంతకుముందు సంగతో? పల్లపు రాయి ఒకటి నేలమీద పెట్టి, దానిముందు మోకాళ్ళమీద కూచుని, ఇంకో రాయితో ముందుకీ వెనక్కీ నూరడమే. సిరియాలో అబూ హురేయ్రా అనే చోట సుమారు పదివేల ఏళ్ళనాటి పల్లె బయటపడింది. అక్కడ దొరికిన ఎముకల్ని లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పనిచేసిన థియా మొలెసన్ అనే శాస్త్రవేత్త పరిశీలించింది. కొందరి కాలి బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయి ఉన్నాయి. మోకాళ్ళు, నడుము దగ్గర పూసలు దెబ్బతిని ఉన్నాయి. రోజూ గంటల తరబడి మోకాళ్ళమీద వంగి గింజలు నూరినందువల్లే అలా అయిందని ఆవిడ తేల్చింది. ఆ ఎముకలు ఎక్కువగా ఆడవాళ్ళవే. రాత పుట్టకముందే ఆ తల్లుల నడుంనొప్పి ఎముకలమీద రాసిపెట్టి ఉందన్నమాట!

అంచేత తిరగలికి పిడి పెట్టిన మహానుభావుడో మహాతల్లో ఎవరో గానీ, వాళ్ళకి ఒక్క సంగతి తెలుసు. రాయి బరువు తగ్గించలేకపోయినా, దాన్ని కదిపే తీరు మార్చొచ్చు.

అక్కణ్ణించి ఆ పిడి లోకమంతా తిరిగింది. చైనాలో హాన్ వంశపు రాజుల కాలంనాటి సమాధుల్లో ధాన్యం తూర్పారబట్టే యంత్రాల మట్టిబొమ్మలు దొరికాయి. వాటికి తిప్పే పిడి ఉంది. యూరపులో 9వ శతాబ్దపు ఒక ప్రార్థనల పుస్తకం బొమ్మలో కత్తులు సానబెట్టే చక్రానికి క్రాంకు కనబడుతుంది. బరువులెత్తడానికి మాత్రం అది కొంచెం ఆలస్యంగానే వచ్చింది. పెద్ద పెద్ద చర్చీలు కట్టేటప్పుడు రాళ్ళని పైకి లాగినవి మనుషులు లోపల నిలబడి నడిచే భారీ చక్రాలు, మన బొమ్మల దుకాణంలో ఎలకల చక్రంలాంటివి. అవి ఇల్లంత ఉండేవి. ఇనప పళ్ళచక్రాలు చవకగా తయారయ్యాక, ఆ ఇల్లంత చక్రం చేసే పనిని రెండడుగుల పిడి చెయ్యడం మొదలెట్టింది.

ఇక్కడో చిన్న లెక్క. భయపడకండి, చీర కొన్నంత సులువు. వెయ్యి రూపాయల చీర ఒక్కసారి డబ్బిచ్చి కొనలేనప్పుడు పది వాయిదాల మీద తెచ్చుకుంటాం. చీర ఖరీదు తగ్గిందా? లేదు. ఒక్కొక్క నెల మనమీద పడే బరువు తగ్గింది, నెలలు పెరిగాయి. పళ్ళచక్రాలు చేసేదీ అదే. చేతిమీద పది పౌన్ల బరువు పడితే అవతల వెయ్యి పౌన్లు లేస్తాయి; కానీ అవతల అడుగు ఎత్తు లేవాలంటే ఇవతల చెయ్యి నూరడుగులు తిరగాలి. మొత్తం కష్టం ఎక్కడికీ పోదు. వాయిదాలు పడుతుందంతే. వాయిదాలు కట్టేది మటుకు చెయ్యి.

మరి ఒక్కో వాయిదా ఎంత ఉండాలి? మనిషి చెయ్యి రోజల్లా తిప్పుతూ పోవాలంటే దానిమీద ఎంత బరువు పెట్టొచ్చు? ఈ ప్రశ్నని ఒక పద్ధతిగా వేసినవాడు కులూం అనే ఫ్రెంచి ఇంజనీరు. బళ్ళో విద్యుత్తు పాఠంలో వింటామే, ఆ కులూంగారే. అంత పేరు రాకముందు, 1764లో ఆయన్ని మార్టినిక్ దీవికి కోట కట్టించడానికి పంపారు. ఎనిమిదేళ్ళు అక్కడే ఉండి, వందలమంది పనివాళ్ళతో రాళ్ళు మోయించి, తన ఆరోగ్యమూ పాడుచేసుకున్నాడు. ఆ వేడిదేశంలో మనుషులు ఫ్రాన్సులో చేసినదాంట్లో సగం పని కూడా చెయ్యలేరని కళ్ళారా చూశాడు. సోమరితనం అని తిట్టేవాళ్ళు చాలామంది ఉండగా, ఆయన మాత్రం కొలిచాడు.

తరవాత పారిస్‌లో ఆయన చదివిన పత్రంలో మనిషి ఒక్కరోజులో చెయ్యగల పనిని రకరకాలుగా లెక్కగట్టాడు. మెట్లెక్కేవాడెంత, మూట మోసేవాడెంత, పిడి తిప్పేవాడెంత అని. పిడి దగ్గర అంతవరకూ పుస్తకాలు పన్నెండు కిలోల చొప్పున బలం లెక్కేస్తుండేవి. కాసేపు తిప్పి చూసి వేసిన లెక్కలవి. కులూం రోజు మొత్తం చూశాడు. ఏడు కిలోలు మించవన్నాడు. నిమిషానికి 20 చుట్లు, అదీ రోజుకి 6 గంటలే. ఇంకో సంగతి కూడా తేల్చాడు. ఒట్టి చేతులతో మెట్లెక్కేవాడు తన ఒంటి బరువుని పైకి తీసుకుపోవడంలో రోజుకి 205 వంతుల పని చేస్తే, పిడి తిప్పేవాడు చెయ్యగలిగింది 116 వంతులే. అంటే కాళ్ళకున్న సత్తువ చేతులకి లేదు.

ఇది చదివినప్పుడు నాకు మన ఏతాం గుర్తొచ్చింది. ఏతాం తొక్కే మనిషి దూలం మీద అటూ ఇటూ నడుస్తాడు. నీళ్ళని పైకి తెచ్చేది ఆయన చేతులు కాదు, నడక, ఒంటి బరువు. కపిల తోలేచోట ఎద్దులు పల్లానికి దిగుతూ మోట లాగుతాయి, ఎగువకి ఎక్కుతూ కాదు. పారిస్ పండితుడు లెక్కగట్టి చెప్పినదాన్ని మన రైతులు చేలో చేసి చూపెట్టారు. తేడా ఏమిటంటే ఆయన అంకెలు రాసి పెట్టాడు. ఆ అంకెల అవసరం ఎంతో ఇంకాసేపట్లో తెలుస్తుంది.

ఇంగ్లండులో 1826లో జాషువా ఫీల్డ్ అనే ఇంజనీరు ఒక క్రేను దగ్గర మనుషుల్ని నిలబెట్టి పరీక్ష పెట్టాడు. చేతిమీద 10 పౌన్లు పడితే అవతల 1050 పౌన్లు లేచేలా పళ్ళచక్రాలు అమర్చాడు. 16½ అడుగుల ఎత్తు లేపాలి. గడియారం పెట్టి, ఒక్కొక్కణ్ణీ తిప్పమన్నాడు. పట్టిక చదువుతుంటే నాటకం చూస్తున్నట్టుంటుంది. 10 పౌన్లకి ఒక దిట్టమైన ఇంగ్లీషువాడు సులువుగా తిప్పేశాడు. 15 పౌన్లకి అతనే ఓ మోస్తరు సులువుగా తిప్పాడు. 20 అయ్యేసరికి గట్టి ఐరిష్‌వాడికి కూడా సులువు కాలేదు. 30కి లండన్‌వాడు అవస్థపడ్డాడు. 35 పౌన్ల దగ్గర ఒకడు ప్రాణం ఉగ్గబట్టుకుని పూర్తిచేస్తే, ఒక ఐరిష్‌వాడు మధ్యలోనే వదిలేశాడు. రెండు మూడు నిమిషాల పనికే ఈ తేడాలు. అంచేత రోజల్లా తిప్పే పిడి మీద 15 పౌన్లకి మించకూడదని ఫీల్డ్ తేల్చాడు. 15 పౌన్లంటే ఎంత? సుమారు ఏడు కిలోలు. కులూం చెప్పిందే! సముద్రానికి అటొకరూ ఇటొకరూ, ఇద్దరు ఇంజనీర్లు ఒకే అంకె దగ్గరికి చేరారు.

ఆ అంకె పుస్తకాల్లో చేరాక కథ సుఖాంతమై ఉంటే బాగుండేది. కానీ అదే ఇంగ్లండులో, అదే కాలంలో, ఏ బరువూ ఎత్తని క్రాంకు ఒకటి తయారైంది. జైలు గదిలో గోడకి ఒక ఇనప పెట్టె, దానికో పిడి. లోపల ఇసకలాంటిదేదో అడ్డం పెట్టేవారు, లేకపోతే మర బిగించేవారు. ఖైదీ తిప్పుతూనే ఉండాలి. గింజ విసరదు, నీరు తోడదు, రాయి లేపదు. ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పే ముల్లు మాత్రం ఉంటుంది. రోజుకి 10,000 చుట్లు: ఉదయం రొట్టె దొరకాలంటే 2,000, మధ్యాహ్నం భోజనానికి 4,000, రాత్రి తిండికి 4,000.

1853లో బర్మింగ్‌హామ్ జైలుకి ఎడ్వర్డ్ ఆండ్రూస్ అనే పదిహేనేళ్ళ కుర్రాణ్ణి తెచ్చారు. నాలుగు పౌన్ల మాంసం దొంగిలించాడట. మూడు నెలల శిక్ష. వాణ్ణి ఆ పిడి దగ్గర నిలబెట్టారు. చుట్లు పూర్తి చెయ్యలేకపోతే రొట్టే నీళ్ళే గతి. ఇంకా చెయ్యకపోతే కదలకుండా కట్టిపడేసే కోటు తొడగడం, ఒంటిమీద చన్నీళ్ళు గుమ్మరించడం. నెల తిరిగేసరికి ఆ పిల్లవాడు తన గదిలో ఉరి పోసుకున్నాడు. మన ఇళ్ళల్లో పదో క్లాసు చదివే పిల్లాడి వయస్సండీ అది.

గొడవ రేగింది. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. జైలు అధికారుల వాదన ఏమిటంటే, కుర్రవాడు మొండివాడు, పని చెయ్యననే చెయ్యలేదు అని. అప్పుడు అక్కరకొచ్చాయి అంకెలు. ఆ పిడిని అన్ని చుట్లు తిప్పాలంటే ఆ పిల్లవాడు బండిగుర్రం చేసే పనిలో నాలుగో వంతు చెయ్యాల్సొస్తుందని విచారణ సంఘం లెక్కగట్టింది. బయట మామూలు కూలిపనిలో ఆ వయసు పిల్లవాడు చేసేది పదో వంతు. వాడు మొండివాడు కాదు, చెయ్యలేకపోయాడు. ఆ బరువు సంగతి అలా ఉంచి ఒట్టి చుట్లే చూడండి. నిమిషానికి 20 చొప్పున 6 గంటలు తిప్పితే కులూం చూసిన కండలు తిరిగిన పనివాడికి 7,200 చుట్లు అవుతాయి. పసివాడికి పదివేలు! జైలు అధికారి మీద కేసు నడిచి నేరం రుజువయింది. ఛార్లెస్ రీడ్ అనే నవలాకారుడు ఈ ఘోరాన్నే వస్తువుగా తీసుకుని 1856లో ‘ఇట్ ఈజ్ నెవర్ టూ లేట్ టు మెండ్’ అనే నవల రాశాడు. అయినా ఆ పిడి జైళ్ళలోంచి పోవడానికి 1898లో చట్టం రావాల్సొచ్చింది.

చరిత్ర చదువుతూ ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక మనిషి చెయ్యలేనంటే ఎవరు నమ్ముతారు? మొండి అంటారు, బద్ధకం అంటారు, వేషాలంటారు. ఈ మాటలు మనకి కొత్తవి కావు, అత్తవారిళ్ళలో విన్నవాళ్ళున్నారు. ‘నా వల్ల కాదు’ అన్న మాటకి వెనక నిలబడే సాక్షి ఒకరు కావాలి. క్రేను దగ్గర నిలబడి గడియారం చూసినవాళ్ళు అలాంటి సాక్ష్యాన్ని తయారుచేసి పెట్టారు.

అయితే ఆ సాక్ష్యంలో ఒక లోటుంది. ఫీల్డ్‌గారి పట్టికలో ఇంగ్లీషువాడున్నాడు, ఐరిష్‌వాడున్నాడు, లండన్‌వాడున్నాడు. ఆడమనిషి ఒక్కతీ లేదు. తిరగలిని వేల ఏళ్ళు తిప్పిన చెయ్యి, పిడిని కొలిచే రోజొచ్చేసరికి ఆ వాకిట్లోకే రాలేదు.

మంచి పిడి అంటే ఎలా ఉండాలో ఇప్పుడు చూద్దాం. మొదటిది ఎత్తు. చుట్టు పైకొచ్చినప్పుడు చెయ్యి భుజాన్ని దాటకూడదు, కిందికెళ్ళినప్పుడు నడుం వంగకూడదు. అంటే ఇరుసు నడుముకీ రొమ్ముకీ మధ్య ఉండాలి. ఎవరి నడుముకి? ఆరడుగుల మనిషికి సరిపోయేది అయిదడుగుల మనిషికి మెడదాకా వస్తుంది. రెండోది కడ్డీ పొడుగు. పొడుగైతే బలం తక్కువ చాలు, కానీ చుట్టు పెద్దదై మనిషి లేచి వంగి లేచి వంగి కవాతు చెయ్యాలి. పొట్టిదైతే చుట్టు చిన్నది, చేతిమీద బరువు ఎక్కువ. మూడోది పిడి లావు. మూడు నాలుగు సెంటీమీటర్లుంటే వేళ్ళు చుట్టూ తిరిగి పట్టు దొరుకుతుంది. మరీ సన్నమైతే అరచెయ్యి కోస్తుంది, మరీ లావైతే చిన్న చేతికి అందదు. నాలుగోది పిడిమీద వదులుగా తిరిగే గొట్టం. అది లేకపోతే ప్రతి చుట్టుకీ ఇనుము అరచేతిలో ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. ఎంతో చిన్న ఏర్పాటు, కానీ అది పెట్టినవాడు తప్పకుండా ఒకసారి తనే తిప్పి చూసుకున్నవాడై ఉంటాడు.

అయిదోది అన్నిటికన్నా ముఖ్యం. చెయ్యి జారితే పైనున్న బరువు కిందికి దూకుతుంది, పిడి వెనక్కి గిర్రున తిరుగుతుంది. ఎదురుగా ఉన్న దవడలూ మోచేతులూ ఏమవుతాయో చెప్పనక్కర్లేదు. అందుకే పళ్ళచక్రం మీద ‘టక్ టక్’మని పడుతూ, ముందుకి తిరగనిచ్చి వెనక్కి తిరగనివ్వని చిన్న ఇనప నాలిక పెడతారు. పూర్వం కార్లని ముందునుంచి హ్యాండిల్ కొట్టి స్టార్టు చేసేవారు కదా, దానికీ ఈ ఎదురుదెబ్బ ఉండేది. బొటనవేలు పిడిచుట్టూ చుట్టకూడదు, మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలని పాత డ్రైవర్లు కుర్ర క్లీనర్లకి నేర్పేవారు. 1912లో కాడిలాక్ కారుకి ఛార్లెస్ కెటరింగ్ కరెంటు స్టార్టరు పెట్టాక ఆ బెడద వదిలింది. కారు నడపాలనుకున్న ఆడవాళ్ళకి తలుపు తెరుచుకుంది.

ఆరోది మనకి బాగా తెలిసిందే. చుట్టులో అన్ని చోట్లా బలం ఒక్కలా రాదు. ఒక చోట లాగుడు బాగా వస్తుంది, ఒక చోట చెయ్యి పట్టు తప్పినట్టవుతుంది. ఇద్దరు తిప్పే యంత్రానికి రెండు పిడుల్నీ ఒకే దిక్కుకి పెడితే ఇద్దరూ ఒకేసారి నీరసపడతారు. ఒకదానికొకటి అడ్డంగా పెడితే ఒకరి బలహీన ఘడియలో రెండోవారి బలం అందుకుంటుంది. తిరగలికి అటొకరూ ఇటొకరూ కూచుని విసిరే వదినా మరదళ్ళని చూడండి. ఈవిడ తనవైపు లాగుతుంటే ఆవిడ చెయ్యి సేదదీరుతుంది. ఆ తరవాత ఆవిడ వంతు. ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళకుండానే!

పనికి మనిషిని సరిపెట్టడం కాదు, మనిషికి పనిముట్టుని సరిపెట్టాలి అనే శాస్త్రానికి ఎర్గొనామిక్స్ అని పేరు. ఈ మాటని 1857లో యస్త్రెంబొవ్‌స్కీ అనే పోలండు పండితుడు వాడాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1949లో ఇంగ్లండులో దానికోసం ఒక సంఘమే పుట్టింది. అంతకు ముందే అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఆవిడ, పన్నెండుమంది బిడ్డల్ని కని, భర్త పోయాక సంసారం ఈదుతూనే, నాలుగువేలమందికి పైగా ఆడవాళ్ళని అడిగి తెలుసుకుని, పొయ్యిగట్టూ తొట్టీ ఎంత ఎత్తుండాలో లెక్క తేల్చింది. ఎవరు నిలబడతారో వాళ్ళని అడగడం! అంతకన్నా సులువైన పద్ధతి ఇంకేముంది? అయినా అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తట్టలేదు.

మన దేశంలోనూ ఆ పని మొదలైంది. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థవారు పొలం పని చేసే మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళ కొలతలూ బలమూ కూడా కొలిపించి, 2009లో పుస్తకంగా తెచ్చారు. ఆడవాళ్ళ చేతిపట్టు సగటున మగవాళ్ళ పట్టులో అరవై శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఆ లెక్కన ఫీల్డ్‌గారి 15 పౌన్లు మనకి 9 పౌన్లు. అంత మాత్రాన ఆ పని ఆడవాళ్ళు చెయ్యలేరని కాదు సుమండీ. ఇంకో చిన్న పళ్ళచక్రం తగిలించాలని అర్థం. వాయిదా చిన్నదైతే నాలుగు చుట్లు ఎక్కువ తిరుగుతాయి, అంతేగా! బరువు మటుకు లేస్తుంది.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకి లాకులూ, వాటి దగ్గర లస్కర్లూ తెలుసు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచీ ఆ కాలవల్లో నీటిని పంచింది ఎవరని అడిగితే ఇంజనీర్ల పేర్లు చెబుతాం. కానీ వాన కురిసే అర్ధరాత్రి గొడుగు భుజాన ఇరికించుకుని, తూము మీద నిలబడి, మర తిప్పి తలుపు లేపింది లస్కరు చేతులు. బిగుసుకుపోయిన మరకి ఒక చుక్క నూనె వేశారా లేదా, పిడికి ఆ తిరిగే గొట్టం ఉందా ఊడిపోయిందా అన్నది ఆ చేతులకి పెద్ద విషయం. ఆఫీసు కాగితాల్లో అది ఎక్కడా కనపడదు.

ఈసారి కారు డిక్కీలోని జాకీ బయటికి తీస్తే, కుట్టుమిషను చక్రం తిప్పితే, పిడిని ఒక్క క్షణం చేతిలో పట్టుకు చూడండి. అరచేతికి అమిరిందా? నడుం వంగాల్సొస్తోందా? అమరకపోతే ‘నాకు బలం చాలదు కాబోలు’ అని సర్దుకుపోవడం మనకి అలవాటు. కొలిచినప్పుడు మన చెయ్యి లెక్కలోకి రాలేదేమో అని కూడా అనుకోవచ్చు. ఆ మాట దుకాణంవాడితో పైకే అనండి. అడిగేవాళ్ళుంటేనే కదా, చేసేవాళ్ళు కొలతలు మారుస్తారు!